రైతు సభ, రెండో పక్క

నేను ఒక క్యాసెట్‌ను. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు 'అంటే ఏమిటి?' అని అడుగుతున్నారు కాబట్టి కాస్త విడమర్చాలి. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బా, అందులో రెండు చిన్న చక్రాలు, వాటికి చుట్టిన గోధుమరంగు రిబ్బను. ఇంతే నేను. ఒక్కో పక్క నలభై ఐదు నిమిషాలు మోస్తాను. ఎవరు ఏం చెప్పినా వింటాను, ఎదురు మాట్లాడను, విన్నది విన్నట్టు అప్పజెబుతాను. మనుషులకు నాలో నచ్చింది ఈ ఎదురు మాట్లాడకపోవడమే అనుకుంటాను. అదే నా ఖర్మ కూడా.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో పుట్టి, నాలాంటివే మరో తొమ్మిదింటితో కలిసి అట్టపెట్టెలో హన్మకొండ చేరాను. చౌరస్తాలో ఒక దుకాణం అద్దాల వెనక మూడు నెలలు కూర్చున్నాను. పక్కవాళ్లను సినిమా పాటలకని, పెళ్లిళ్లకని కొనుక్కుపోయారు. నన్ను కొన్నవాడు యాకయ్య. వరంగల్ జిల్లాలోనే ఒక మండల కేంద్రంలో, బస్టాండు ఎదురుగా వాణి మైక్ సెట్ అతనిది. పెళ్లయినా, చావయినా, బోనాలయినా, ఎన్నికలయినా యాకయ్య గొట్టాలు కట్టందే ఆ ఊళ్లో ఏదీ జరిగినట్టు లెక్క కాదు. మంచివాడు. అడిగితే కాదనలేడు. ఒకే సమయంలో నలుగురికి మాటిచ్చి నలుగురి దగ్గరికీ పరుగెత్తే రకం. ఆ పరుగులో క్యాసెట్లను వెనక్కి తిప్పి పెట్టే అలవాటు అతనికి అబ్బలేదు. ఎక్కడ ఆపితే అక్కడే తీసి డబ్బాలో పడేస్తాడు. అదేం పెద్ద తప్పని అప్పట్లో నాకూ అనిపించలేదు.

ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్లలో పత్తిని పురుగు తినేసింది. ఆరుగురు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల ఇళ్లకు ఆసరాగా ఉంటుందని బడి పంతులు రామనాథం సారు, ఇంకొందరు కలిసి మార్కెట్ యార్డులో పాటల సభ పెట్టారు. అక్కడ పాడిన పాటలన్నీ క్యాసెట్లుగా చేసి ఊరూరా అమ్మి, వచ్చింది ఆ కుటుంబాలకే ఇవ్వాలని అనుకున్నారు. యాకయ్య మైకు ఉచితమన్నాడు, రికార్డింగు కూడా తానే చేస్తానన్నాడు. ఆ ఉదయమే నా మీది పల్చటి కాగితం చించి, నన్ను యంత్రంలో పెట్టి, ఎర్ర బొత్తం నొక్కాడు. నా వంటి మీద పడ్డ మొదటి శబ్దం అతని దగ్గు.

రెండోది ఒక నాయకుడి ఉపన్యాసం. ఆయన ఇరవై ఏడు నిమిషాలు మాట్లాడాడు. రైతు దేశానికి వెన్నెముక అని ఐదుసార్లు చెప్పి, ఇంకో సభ ఉందని జీపెక్కాడు. ఆ ఇరవై ఏడు నిమిషాలూ నేను మోశాను, మోయక చస్తానా? ఆ తర్వాత పాటలు మొదలయ్యాయి. కల్లాల్లో పాడుకునే ఆడవాళ్లు వచ్చారు, డప్పుల వాళ్లు వచ్చారు, గొంతు బొంగురుపోయిన ఒక ముసలాయన వచ్చాడు. ఆయన పాడిన పాటలో ఒక ముక్క ఇప్పటికీ నా మీద ఉంది.

'మొలకమొలక ఎదురు జూసె, మొగులు మొకం చాటేసె' అని మబ్బు మీద నిష్ఠూరంగా ఆయన ఎత్తుకోగానే యార్డంతా చప్పుడు ఆగిపోయింది. పత్తి బోరాల మీద కూర్చున్న మగవాళ్లు తువ్వాళ్లతో ముఖాలు తుడుచుకున్న చప్పుడు కూడా, చెవి పెట్టి వింటే, నాలో దొరుకుతుంది.

పాటలు అయ్యాక ఇచ్చేవాళ్లు వరస కట్టారు. ఆ సభలో ఎక్కువమంది తమ దగ్గరున్న పంటే తెచ్చారు. ఒకరు జొన్నలు, ఒకరు మిరపకాయలు, ఒకరు కందులు. వేదిక ముందు పరిచిన టార్పాలిన్ మీద పోస్తుంటే రామనాథం సారు మైకులో పేరు చదివేవాడు. మూడో మనిషి అంకూస్. ఎర్రకుంటపల్లెలో ఎకరన్నర పత్తి చేను అతనిది. మొదటి ఏరుడులో వచ్చిన పత్తి ఒక మూట కట్టి నెత్తి మీద పెట్టుకుని తెచ్చాడు. సారు పేరు అడిగితే తడబడి, మైకుకు మరీ దగ్గరగా వచ్చాడు. అతని ఊపిరి ముందు పడింది నా మీద.

"నా పేరొద్దు సార్. మా ఇంటామె కౌసల్య పేరు మీద రాసుకోండ్రి. ఏరిందంత ఆమెనే."

యార్డులో ఆడవాళ్లు గొల్లుమని నవ్వారు. ఎందుకు నవ్వారో చెప్పాలి. ఆ పల్లెల్లో మొగుడు పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడు. 'ఇగో' అంటాడు, 'ఓయ్' అంటాడు, పిల్లలు పుట్టాక పిల్ల పేరుతో కేకేస్తాడు. తొమ్మిదేళ్ల కాపురంలో అంకూస్ నోట కౌసల్య తన పేరు వినలేదు. అటువంటివాడు వెయ్యిమంది ముందు, గొట్టాలు మోగేలా చెప్పేశాడు. చెప్పేసి, చెవులు ఎర్రబడి, ఖాళీ తువ్వాల భుజాన వేసుకుని జనంలో కలిసిపోయాడు.

తమాషా ఏమిటంటే, ఆ ఒక్కమాట కౌసల్య వినలేదు. ఐదేళ్ల కూతురు రజిత దాహమంటే యార్డు వెనక నల్లా దగ్గరికి తీసుకుపోయింది. అటువైపు గొట్టం పొద్దుటినుంచీ కూత పెడుతుంటే యాకయ్యే దాని వైరు పీకేశాడు. ఆమె తిరిగి వచ్చేసరికి పక్కనున్న ఆడవాళ్లు పొడిచి పొడిచి ఆట పట్టించారు. "నీ మొగడు మైకుల నీ పేరు జెప్పిండే, ఎంత మురిపెమో!" అన్నారు. ఆమె నమ్మలేదు. నమ్మాక, వినలేదే అని ఉసూరుమంది. ఇంటికి పోయే దారిలో మళ్లీ ఒకసారి చెప్పమని అడిగిందట. అతను సిగ్గుపడి ముందుకు ముందుకు నడిచాడట.

"క్యాసెట్ల పడ్డది గదా, ఇనుకో" అన్నాడట.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, తర్వాత కౌసల్య యాకయ్యకు చెబుతుంటే అక్కడే బల్ల మీద ఉన్నాను.

యాకయ్య నా నుంచి వందల కాపీలు తీశాడు. తీసేటప్పుడు ఉపన్యాసం కోసేశాడు, అందుకు అతనికి దండం పెట్టాలి. పాటలకూ పాటలకూ మధ్య మాటలు కోసేశాడు. కొనేవాళ్లకు పాటలు కావాలి గాని ఎవరు ఎన్ని జొన్నలిచ్చారన్నది దేనికి? నా రెండో పక్కన ఆఖరి పాట అయిపోగానే, పేర్లు చదవడం మొదలయ్యే చోట నన్ను ఆపేశాడు. అలవాటు ప్రకారం వెనక్కి తిప్పలేదు. డబ్బా మీద 'రైతు సభ, అసలుది' అని పెన్నుతో రాసి పై అరలో పెట్టాడు.

కాపీ ఒకటి ఎర్రకుంటపల్లె చేరింది. కౌసల్య పక్కింటివాళ్ల టేప్ రికార్డరు అడిగి తెచ్చుకుని, గడప దగ్గర పెట్టుకుని రెండు పక్కలూ చివరిదాకా విన్నది. తన పేరు ఎక్కడా లేదు. కళ్లనీళ్లు పెట్టుకున్నంత పనిచేసిందట. అంకూస్ నవ్వి, అసలు క్యాసెట్ యాకయ్య దగ్గర ఉంటుందని, వచ్చే ఏడు పత్తి అమ్ముకోవడానికి మార్కెట్‌కు పోయిన రోజు ఇద్దరూ పోయి విందామని మాటిచ్చాడు.

వచ్చే ఏడు వాళ్లకు అమ్ముకునే పత్తి లేదు. ముందు వాన ఎగ్గొట్టింది, ఆ తర్వాత కాయ పగిలే వేళకు ఆగకుండా పడింది, మిగిలినదాన్ని పురుగు తీసుకుంది. కార్తీకంలో ఒక ఉదయం చేను దగ్గరికని పోయిన అంకూస్ ఇంటికి రాలేదు. ఎవరి కోసం సభ పెడితే మూట మోసుకొచ్చి ఇచ్చాడో, వాళ్లలో తానూ ఒకడయ్యాడు. ఆ కబురు నేను అరలో కూర్చునే విన్నాను. బస్టాండులో విన్నవాళ్లెవరో దుకాణానికి వచ్చి యాకయ్యకు చెప్పారు.

మూడు వారాలకు రామనాథం సారు మళ్లీ సభ పెట్టాడు. ఈసారి అంకూస్ కుటుంబం కోసం. మర్నాడే సభ, ఊళ్లకు ఆటో తిప్పాలి, మైకులో ప్రచారం చేయాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు రాసిన కాగితం యాకయ్య చేతిలో పెట్టి, అరగంటలో ఆటో బయలుదేరాలన్నారు. ఆటో ఖాదర్ అప్పటికే దుకాణం ముందు హారన్ కొడుతున్నాడు. చూస్తే ఖాళీ క్యాసెట్ ఒక్కటి లేదు. ఊళ్లో అమ్మే దుకాణానికి ఆ రోజు సెలవు. యాకయ్య చేయి అరలన్నీ తడిమి తడిమి నా దగ్గర ఆగింది. అతను ఏమనుకున్నాడో నాకు తెలుసు. పాటలన్నీ కాపీల్లో భద్రంగా ఉన్నాయి, దీనితో ఇక పనేముంది, అదీగాక రైతు కోసమే కదా. మనుషులు చేసిన నష్టాల్లో సగం ఇలా మంచి మనసుతో, తొందరలో చేసినవే.

నన్ను ఎక్కడ ఆపాడో అక్కడినుంచే నడిపించాడు. మా యంత్రంలో రికార్డు బొత్తం నొక్కితే రెండు పనులు జరుగుతాయి. రిబ్బను ముందు తుడిచే ముక్క మీదుగా పోతుంది, అక్కడ పాతదంతా పోతుంది. ఆ వెంటనే రాసే ముక్క దగ్గరికి వస్తుంది, అక్కడ కొత్తది పడుతుంది. జొన్నలిచ్చిన మనిషి తుడుచుకుపోయాడు. మిరపకాయలిచ్చిన మనిషి పోయాడు. వాళ్ల మీద యాకయ్య గొంతు పడింది. "కీర్తిశేషులు అంకూస్ గారి సతీమణి కౌసల్య గారి సహాయార్థం, రేపు ఉదయం పది గంటలకు మార్కెట్ యార్డునందు జరుగు పాటల సభకు యావన్మంది ప్రజలు తరలి రావలసిందిగా..." తప్పు లేకుండా, కంచు మోగినట్టు చదివాడు. చదవడం అయిపోగానే ఆపు బొత్తం నొక్కాడు.

ఎర్రకుంటపల్లెకు మేము పోయేసరికి నాలుగు దాటింది. ఖాదర్ ఒక్కో వీధి మలుపులో ఆటో ఆపి, నన్ను వినిపించి, ప్రకటన అయిపోగానే ఆపి వెనక్కి తిప్పుతున్నాడు. కౌసల్య ఇంటి ముందు అతనికి చేయి ఆడలేదు. ఆమె గడపలో కూర్చుని ఉంది. భర్త పోయిన మనిషి ముందు ఆమె పేరే గొట్టంలో మోగుతుంటే అతను తల వంచుకుని బండి హ్యాండిల్ పట్టుకుని కూర్చుండిపోయాడు. ప్రకటన అయిపోయింది. టక్కుమని చప్పుడయింది. కన్ను మూసి తెరిచేంతసేపు ఏమీ లేదు. ఆపైన వీధంతా వినపడేలా అంకూస్ మాట్లాడాడు.

"...పేరు మీద రాసుకోండ్రి. ఏరిందంత ఆమెనే."

వీధిలో అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఎదురింటి ముసలమ్మ చేతిలో చెంబు జారింది. ఖాదర్ గబుక్కున నన్ను ఆపేశాడు. కౌసల్య ఎప్పుడు లేచిందో, ఎలా వచ్చిందో, ఆటో కడ్డీ పట్టుకుని ఉంది.

"మల్లొక్కపారి పెట్టు తమ్మీ."

పెట్టాడు. యాకయ్య గొంతు, టక్కు, చిన్న ఖాళీ, ఆపైన అంకూస్. నాలుగోసారికి ఆమెకు అర్థమైంది. ఏ క్యాసెట్ కోసం ఏడాదిగా ఎదురుచూసిందో అది ఇదేనని, తను వినాలనుకున్న మాట మాత్రం ఇందులో లేదని. ఏడవలేదు. పిల్లను ముసలమ్మకు అప్పగించి, అదే ఆటోలో ఖాదర్ వెనక కూర్చుని యాకయ్య దుకాణానికి వచ్చింది.

మనిషి ముఖంలో రక్తం ఇంకిపోవడం ఎలా ఉంటుందో ఆ సాయంత్రం చూశాను. ఆమె చెబుతుంటే యాకయ్య వింటూ వింటూ పై అర వైపు చూశాడు. 'అసలుది' అని తను రాసిన డబ్బా మూత తెరిచి ఖాళీగా ఉంది. నన్ను యంత్రంలో పెట్టి, చెవి ఆనించి, ముందుకూ వెనక్కూ తిప్పి తిప్పి విన్నాడు. చివరికి తల పట్టుకున్నాడు.

"చెల్లె, నీ పేరు మీద నా మాట గూడ పడలే. బొత్తం ఆపేటాళ్లకు తుడిచేది ఇంత ముంగటికి పోయింది, రాసేది ఎన్క ఆగింది. నడుమ గింత జాగ. గోరంత. నీ పేరు గా జాగలనే ఉండె." అని వేలి గోరు చూపించాడు.

"గిప్పుడు ఆడ ఏమున్నది అన్నా?"

"ఏం లేదు చెల్లె."

యాకయ్య లేచి ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు.

"తిట్టు చెల్లె. కొట్టు. ఏదన్న ఒకటి జెయ్యి."

"ఎట్ల తిట్టాలె?" అన్నది కౌసల్య. "నాకు కీడు జేస్తే తిడుదును. నువ్వు నా కోసమే జేస్తివి. గదే నాకు ఏం జెయ్యాల్నో సమజైతలేదు."

యాకయ్య నా తల మీదున్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచేశాడు. అవి విరిస్తే ఇక నా మీద ఎవరూ ఏమీ రాయలేరు. ఏడాది ముందే చేయవలసిన పని, రెండు వేళ్లతో అయిపోయే పని. నన్ను డబ్బాలో పెట్టి, డబ్బాను రెండు చేతులతో ఆమెకు ఇచ్చాడు. మర్నాడు సభలో అతను మైకు కట్టాడు గాని, పేర్లు చదువుతున్నంతసేపూ యార్డు గేటు బయటే నిలబడ్డాడని ఖాదర్ చెప్పాడు.

అప్పటినుంచి నేను కౌసల్య ఇంట్లో ఉన్నాను. సందుకలో, పెళ్లినాటి చీర మడతలో. కూలికి పోయి, చేను కౌలుకిచ్చి, బిడ్డను చదివించింది. ఏటా ఒకసారి, కార్తీకంలో, పక్కింటి టేప్ రికార్డరు తెచ్చి నన్ను పెట్టేది. పాటలు వినేది కాదు. ఆ ఒక్క చోటు వినేది. తర్వాత పక్కింటివాళ్ల యంత్రం పాడయింది, బాగుచేసేవాడు ఊళ్లో లేడు. పన్నెండేళ్లు చీర మడతలోనే మౌనంగా పడి ఉన్నాను. నా రిబ్బను ఒకదానికొకటి అంటుకుపోతోంది. నా మీద మోసిన గొంతుల్లో చాలామంది పోయారు. బొంగురు గొంతు ముసలాయన పోయాడు. యాకయ్య కూడా పోయాడని, అతని గొట్టాలు పాతసామానుకు అమ్మేశారని విన్నాను. ఇరవై ఏడు నిమిషాల నాయకుడు మాత్రం బాగానే ఉన్నాడట.

రజిత ఇప్పుడు హన్మకొండలో ఒక ఆసుపత్రిలో నర్సు. కిందటి నెల నన్ను సంచిలో వేసుకుని పాత క్యాసెట్లను ఫోన్లోకి ఎక్కించే మనిషి దగ్గరికి తీసుకుపోయింది. అతను నా రిబ్బను ఆరబెట్టి, మెల్లగా తుడిచి, పని పూర్తిచేశాడు. ఆమె ఆ ఖాళీని అతనికి వినిపించి, దీని కింద ఒక మాట ఉండాలి, పైకి తీయగలరా అని అడిగింది. ఎంత పెంచినా గాలి వీచినట్టు హుష్ మనే చప్పుడే వచ్చింది.

"తుడిచినంక ఏముంటదమ్మా" అన్నాడు.

అతని మాట నిజం. జనం అనుకుంటారు, తుడిచినా అడుగున ఎక్కడో మిగిలి ఉంటుందని. నాకు తెలుసు కదా, నా వంటి మీదిదే. అంకూస్ ఆ పేరును ఎలా అన్నాడో విన్నది ఆ రోజు యార్డులో ఉన్నవాళ్లూ నేనూ. వాళ్లు మరిచిపోయి ఉంటారు. నాకు మరిచిపోవడానికి కూడా మిగలలేదు. అక్కడ ఏమీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం రజిత ఇంటికి వచ్చింది. వసారాలో కౌసల్య మిరపకాయల తొడిమలు తీస్తోంది. చేతులు మండుతాయని కొంగుతో తుడుచుకుని, చెవుల్లో పెట్టుకునే వైర్లను ఎలా పెట్టుకోవాలో కూతురిని అడిగి పెట్టుకుంది. నన్ను రజిత ఆమె ఒడిలో ఉంచింది. నాకిక అక్కడ పనేమీ లేదు, నా గొంతులన్నీ ఫోన్లోకి వెళ్లిపోయాయి. అయినా ఒడిలో ఉన్నాను.

"అమ్మా, నీ పేరైతే..." అని రజిత ఏదో చెప్పబోయింది. దారి పొడుగునా ఎలా చెప్పాలా అని కూర్చుకున్న మాట అది.

కౌసల్య చేయెత్తి ఆపింది. కళ్లు మూసుకుంది. వైరులోంచి సన్నగా యాకయ్య గొంతు నాకూ వినబడుతోంది. యావన్మంది ప్రజలు తరలి రావలసిందిగా అన్నాడు. టక్కుమంది. ఆ గోరంత ఖాళీ వచ్చింది.

"ఆఁ," అన్నది కౌసల్య, మొగుడు పిలిస్తే పలికినట్టు. "ఇంటున్న. చెప్పు."